టోక్యోలో ఒక్క రోజు, మూడు వేల యెన్లలో: ఎర్ర లైను వెంట తోటలు, చివర్లో ఫుజి

మీరు అడిగినది ముందు ఒకసారి చెప్పుకుంటాను. నవంబరు చివర్లో టోక్యోలో మీకు దొరికేది ఒకే ఒక్క పూర్తి రోజు. మీరిద్దరూ, 68 ఏళ్ళ మీ అత్తగారూ. మనిషికి 3,000 యెన్లు దాటకూడదు. తోటలు చూడాలి, ఎత్తు నుంచి ఊరు చూడాలి, అదృష్టం బాగుంటే ఫుజి కొండ కనపడాలి. అత్తగారు శాకాహారి, మోకాళ్ళ నొప్పి ఉంది. మీరు రాసుకున్న జాబితాలో ఏడు చోట్లు ఉన్నాయి: హమారిక్యూ, ఉయెనో, రికుగియెన్, మెయిజీ జింగూ, షింజుకు గ్యోఎన్, స్కైట్రీ, షిబుయా స్కై (చివరి రెండూ టికెట్ కొని ఎత్తు నుంచి ఊరు చూసే చోట్లు).

నేను పదకొండేళ్ళుగా టోక్యోలో తూర్పు వైపున, మనవాళ్ళు ఎక్కువగా ఉండే నిషికసాయ్‌లో ఉంటున్నాను. ఏటా ఊరినుంచి చుట్టాలు, స్నేహితుల తల్లిదండ్రులు వస్తూనే ఉంటారు. వాళ్ళను తిప్పిన అనుభవంతో చెబుతున్నాను: ఆ ఏడింటిలో ఆరు తీసేయండి. డబ్బు కోసం కాదు, అత్తగారి కోసం.

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు నేనూ అచ్చం మీలాగే జాబితా రాశాను. పొద్దున హమారిక్యూ, తర్వాత ఉయెనో, మధ్యాహ్నం రికుగియెన్, సాయంత్రానికి ముందే టికెట్లు కొన్న ఒక టవర్. మధ్యలో ఐదుసార్లు రైలు మారాం. ఇక్కడ పెద్ద స్టేషన్లలో రైలు మారడమంటే అర కిలోమీటరు నడక, రెండు మూడు మెట్ల వరసలు. రికుగియెన్ చేరేసరికి అమ్మ చెరువు గట్టున బెంచీ మీద కూర్చుని, "మీరు తిరిగి రండి నాన్నా, నేనిక్కడే ఉంటా" అంది. గంటసేపు చేపల్ని చూస్తూ కూర్చుంది. సాయంత్రం టవర్ ఎక్కితే మబ్బు తప్ప ఏమీ లేదు. ఇప్పటికీ అమ్మ టోక్యో గురించి చెప్పేది ఆ చేపల గురించే. ఆ రోజు నుంచి పెద్దవాళ్ళతో వచ్చేవారికి నేను ఒకే పద్ధతి చెబుతున్నాను: ఒక్క రైలు లైను పట్టుకోండి, ఆ లైను మీద ఉన్నవే చూడండి.

టోక్యో మెట్రోలో మరునౌచి లైను ఉంది. గుర్తు ఎర్ర గుండ్రం, అందులో ఎం అక్షరం. ఊరి నడిబొడ్డున కోట దగ్గర మొదలుపెట్టి, పాత జమీందారీ తోట మీదుగా, పశ్చిమాన షింజుకు ఆకాశహర్మ్యాల దాకా మీ రోజంతా ఈ ఒక్క లైను మీదే నడిచిపోతుంది. స్టేషన్ పేర్లు పలకడం కష్టమైతే నెంబర్లు చూసుకోండి, ప్రతి బోర్డు మీదా ఉంటాయి. మీకు కావలసినవి నాలుగే: ఒతెమాచి 18, కొరాకుఎన్ 22, షింజుకు గ్యోఎన్‌మాఎ 10, నిషి షింజుకు 7.

రోజు ఎంచుకోవడం దగ్గర జాగ్రత్త. కోటలోని తూర్పు తోటకు సోమవారం, శుక్రవారం సెలవు. షింజుకు గ్యోఎన్‌కు సోమవారం సెలవు. సాయంత్రం మనం ఎక్కే తోచో, అంటే టోక్యో ప్రభుత్వ కార్యాలయం, దాని దక్షిణ గోపురం మొదటి, మూడవ మంగళవారాల్లో మూస్తారు. కాబట్టి బుధ, గురువారాలైతే ఏ చిక్కూ లేదు. శని, ఆదివారాలు తెరిచే ఉంటాయి గానీ ఆకులు ఎరుపెక్కే ఆ వారాల్లో జనం విపరీతం.

పొద్దున తొమ్మిదికి ఒతెమాచిలో దిగండి. అయిదు నిమిషాలు నడిస్తే ఒతెమోన్ అనే కోట గుమ్మం. లోపలిది ఇంపీరియల్ ప్యాలెస్ ఈస్ట్ గార్డెన్స్, ప్రవేశం ఉచితం. సంచి తెరిచి చూస్తారు, అంతే. టోక్యో పాత పేరు ఎదో. ఒకప్పటి ఆ ఎదో కోట లోపలి భాగం ఇది, తొకుగావా వంశపు షోగున్‌లు, అంటే సైనిక పాలకులు, ఇక్కడి నుంచే దేశాన్ని ఏలారు. 1968 నుంచి జనానికి తెరిచారు.

చాలామంది ఇక్కడ తోట మాత్రం చూసి వెళ్ళిపోతారు. మీరు రాతి దిమ్మ దాకా వెళ్ళండి, ఏటవాలు దారి ఉంది, అత్తగారు నెమ్మదిగా ఎక్కగలరు. దాని మీద ఒకప్పుడు కోట బురుజు ఉండేది. 1657లో ఊరంతటినీ కాల్చేసిన మహాగ్ని ప్రమాదంలో అదీ కాలిపోయింది. మళ్ళీ కడదామని పునాది రాళ్ళు పేర్చారు కూడా. కానీ షోగున్ దగ్గర పెద్ద మంత్రిగా ఉన్న హొషినా మసయుకి, ముందు కాలిపోయిన ఊరును నిలబెట్టాలి, బురుజు అవసరం లేదు అని పట్టుబట్టాడు. ఆ బురుజు ఇప్పటికీ కట్టలేదు. ఖాళీ దిమ్మ మీద నిలబడి చుట్టూ ఊరును చూస్తున్నప్పుడు ఈ సంగతి మీ అత్తగారికి చెప్పండి. నేను తీసుకెళ్ళిన పెద్దవాళ్ళందరికీ బాగా నచ్చిన కథ ఇదే.

దారిలో చెట్ల పక్కన చిన్న రాతి గుర్తు ఒకటి ఉంటుంది, పైన్ చెట్ల బొమ్మలున్న వసారా ఉండిన చోటు. 1701లో అసానో అనే సామంతుడు ఇక్కడే కిరా అనే కొలువు అధికారి మీద కత్తి దూశాడు. దాని ఫలితంగానే 47 మంది యజమాని లేని సమురాయ్‌ల పగ కథ పుట్టింది. ఆ కథ తెలిసినవారు కాసేపు ఆగుతారు, లేకపోతే దాటిపోవచ్చు. నినోమరు తోటలో చెరువు పక్కన కూర్చుని పదిన్నరకల్లా బయటపడండి.

మళ్ళీ ఒతెమాచిలో ఎర్ర లైను, ఇకెబుకురో వైపు వెళ్ళేది. నాలుగు స్టేషన్లు. ఒచనొమిజు దగ్గర రైలు ఒక్కసారిగా భూమి లోంచి బయటికొచ్చి కందా నది దాటుతుంది, రెప్పపాటు కాలమే, కిటికీ వైపు చూస్తూ ఉండండి. కొరాకుఎన్‌లో రైలు ఏకంగా ఎత్తున వంతెన మీద ఆగుతుంది. పేరుకు ఇది భూగర్భ రైలే.

ఇక్కడ నిదానించండి, ఈ రోజుకు గుండెకాయ ఇదే. స్టేషన్ నుంచి ఎనిమిది, పది నిమిషాల నడకలో కొయిషికావా కొరాకుఎన్. ప్రవేశం 300 యెన్లు. 65 దాటినవారికి సగం, అంటే అత్తగారికి 150. పాస్‌పోర్టు చూపించండి. 1629లో మితో తొకుగావా కుటుంబానికి చెందిన యొరిఫుసా ఈ తోట మొదలుపెట్టాడు, కొడుకు మిత్సుకుని పూర్తి చేశాడు. చైనాలో మింగ్ రాజ్యం కూలిపోయాక జపాన్‌కు వచ్చి తలదాచుకున్న పండితుడు జూ షున్‌షుయి అతనికి సలహాలిచ్చాడు. కొరాకు అనే పేరు కూడా పాత చైనా సూక్తి నుంచి వచ్చిందే: పాలకుడు లోకం కంటే ముందే దిగులు పడాలి, లోకం సుఖపడ్డాకే తాను సుఖపడాలి అని దాని అర్థం. తోటకు ఇలాంటి పేరు పెట్టుకున్నవాళ్ళు అరుదు.

లోపల అర్ధచంద్రాకారపు రాతి వంతెన ఉంటుంది. నీళ్ళు కదలకుండా ఉంటే నీడతో కలిసి నిండు చంద్రుడవుతుంది, అందుకే దానికి పున్నమి వంతెన అని పేరు. చైనాలోని పడమటి సరస్సు గట్టుకు చిన్న నమూనా ఉంది, క్యోటోలోని తోఫుకు గుడి వంతెనను గుర్తుచేసే ఎర్ర వంతెన ఉంది. నవంబరు చివర, డిసెంబరు మొదట్లో ఆ ఎర్ర వంతెన చుట్టూ మేపుల్ ఆకులు వంతెన రంగులోకే మారిపోతాయి.

కానీ నన్ను ఎప్పుడూ ఆపేది ఉత్తరం మూలన ఉన్న చిన్న వరి మడి. కోటలో పెరిగిన కోడలికి రైతు కష్టం తెలియాలని మిత్సుకుని దీన్ని వేయించాడు. ఇప్పుడు దగ్గరి బడిపిల్లలు వచ్చి నాట్లు వేస్తారు, కోతలు కోస్తారు. మాది తెనాలి దగ్గర పల్లె. అమ్మ రెండోసారి జూన్‌లో వచ్చినప్పుడు ఈ మడి గట్టున నిలబడి, నారు దూరందూరంగా వేశారని, పిల్లల పని అని ముచ్చటపడింది. మీరు వెళ్ళేసరికి కోత అయిపోయి కొయ్యకాళ్ళే ఉంటాయి, అయినా చూడండి. నేపథ్యంలో టోక్యో డోమ్ స్టేడియం తెల్లటి కప్పు కనపడుతుంది, పక్కనున్న రోలర్ కోస్టర్ కేకలు వినపడతాయి. కొందరికి అది చికాకు. ఎంత రద్దీ మధ్య ఇది బతికి ఉందో తెలిసేది అప్పుడేనని నాకనిపిస్తుంది.

ఒక హెచ్చరిక: ఇక్కడ కొన్ని దారులు ఎగుడుదిగుడు రాళ్ళతో, రాలిన ఆకులతో జారుతాయి. అత్తగారిని పెద్ద చెరువు చుట్టూ ఉండే వెడల్పాటి దారిలోనే నడిపించండి, గుట్టల మీదికి మీరిద్దరూ వెళ్ళి రండి. కింద మెత్తటి అడుగు ఉన్న బూట్లు వేయించండి, చెప్పులు వద్దు.

తోట నుంచి వెనక్కు స్టేషన్ వైపు వస్తే బుంక్యో సివిక్ సెంటర్. వార్డు ఆఫీసు భవనం. 25వ అంతస్తులో, దాదాపు 105 మీటర్ల ఎత్తున, అద్దాల గది, లిఫ్టెక్కి వెళ్ళడమే, టికెట్ లేదు. తూర్పు వైపు స్కైట్రీ నిండుగా కనపడుతుంది. పశ్చిమాన షింజుకు భవనాల గుంపు, ఆకాశం తేటగా ఉంటే వాటి పక్కనే ఫుజి. డబ్బు కట్టి స్కైట్రీ ఎక్కితే స్కైట్రీ కనపడదు కదా. ఇరవై నిమిషాలు చాలు. ఫుజి కనపడకపోయినా నిరాశపడకండి, సాయంత్రం ఇంకో అవకాశం ఉంది.

ఇక తిండి. మీరు రోజు మొత్తంలో ఎక్కువ ఆలోచించాల్సింది దీని గురించే. జపాన్‌లో కూరగాయల సూప్ అని రాసి ఉన్నా అందులో దాషి ఉంటుంది, అంటే ఎండు చేపతో కాచిన రసం. నూడుల్స్, వేపుడు మీద పోసే సాస్, చివరకు ఊరగాయల్లో కూడా. అందుకని దారిలో హోటల్ వెతకొద్దు. గదిలో చిన్న కుక్కర్ దొరికే వసతి అయితే పొద్దున్నే పులిహోర కలుపుకోండి, డబ్బాలో పెట్టుకోండి. అది కుదరకపోతే కన్వీనియెన్స్ స్టోరులో ఒనిగిరి, అంటే సముద్రపు పాచి చుట్టిన అన్నం ముద్ద, ఒక్కొక్కటి 150 నుంచి 200 యెన్ల మధ్య ఉంటుంది. ఉమెబొషి ఉన్నది తీసుకోండి, ఉప్పులో ఊరవేసిన పుల్లటి పండు, మన ఉసిరికాయ పచ్చడి తిన్నవారికి కొత్తగా ఉండదు. కొన్నవాటి వెనక పదార్థాల పట్టీని ఫోనులో అనువాదం చేసి చూసుకోండి, పచ్చడిలోనూ చేప సారం కలిపేవాళ్ళున్నారు. అరటిపళ్ళు, పెరుగు ఎక్కడైనా దొరుకుతాయి. పంపు నీళ్ళు తాగవచ్చు, కాబట్టి సీసా తీసుకెళ్ళండి, నీళ్ళు కొనకండి. చెత్తబుట్టలు దాదాపు ఉండవు, చెత్తకు ఒక కవరు దగ్గర పెట్టుకోండి.

పన్నెండున్నరకు మళ్ళీ ఎర్ర లైను, ఈసారి ఒగికుబో వైపు. కాస్త దూరం, అరగంటకు కాస్త తక్కువ. అత్తగారికి కాళ్ళు చాపుకునే సమయం అనుకోండి. పన్నెండింటికే ఆకలైతే ఎక్కే ముందే ఒక అరటిపండు ఇవ్వండి. రైల్లో తినడం ఇక్కడ పద్ధతి కాదు.

షింజుకు గ్యోఎన్‌మాఎలో దిగితే తోట గుమ్మం అయిదు నిమిషాలు. టికెట్ 500 యెన్లు, 65 దాటినవారికి 250. 58 హెక్టార్ల తోట, చుట్టూ నడిస్తే మూడున్నర కిలోమీటర్లు. ఎదో కాలంలో నైతో అనే సామంత కుటుంబానిది. గుర్రం మీద ఒక్క ఊపులో ఎంత నేల చుట్టివస్తే అంతా నీదేనని మొదటి తొకుగావా షోగున్ ఇఎయసు అన్నాడని, ఆ పరుగు ముగిసేసరికి గుర్రం పడి చనిపోయిందని ఇక్కడివాళ్ళు చెప్పుకునే కథ. 1906లో ఇది చక్రవర్తి తోట అయింది, యుద్ధం తర్వాత 1949లో ప్రజలకు తెరిచారు.

చుట్టూ నడిచే ప్రయత్నం మానుకోండి. మధ్యలో పెద్ద పచ్చిక మైదానం ఉంది, అక్కడ చాప పరుచుకుని భోంచేయండి. ఇక్కడ పచ్చిక మీద కూర్చుని తినవచ్చు, మద్యం మాత్రం నిషేధం. అందుకేనేమో సెలవురోజుల్లో కూడా కుటుంబాలు, ముసలివాళ్ళు, పసిపిల్లలే ఎక్కువగా ఉంటారు. పచ్చికకు ఒక చివర ఫ్రెంచి పద్ధతి తోట, రెండు వైపులా ప్లేన్ అనే జాతి పెద్ద చెట్ల వరసలు. నవంబరు చివర్లో ఆ ఆకులు మగ్గిన తంబాకు రంగులో రాలుతుంటాయి. జపనీ పద్ధతి తోటలో చెరువు ఒడ్డున తైవాన్ మంటపం ఉంది. తర్వాత షోవా చక్రవర్తి (హిరోహితో) అయిన యువరాజు పెళ్ళికి గుర్తుగా 1927లో కట్టారు. అక్కడి నుంచి నీళ్ళ మీదుగా చూడటమే దాని అందం. మేపుల్ చెట్ల గుట్ట తూర్పు వైపున ఉంది. మీకు ఓపిక ఉంటే వెళ్ళండి, అత్తగారికి పచ్చిక చాలు. దారులన్నీ వెడల్పు, చదును.

మెయిజీ జింగూ గుడిని ఎందుకు తీసేశానంటే, దాని చుట్టూ ఉన్న అడవి గొప్పదే, లక్ష చెట్లు దేశం నలుమూలల నుంచి వస్తే 1920 నాటికి మనుషులు నాటిన అడవి అది, ఉచితం కూడా. కానీ గులకరాళ్ళ మీద చాలా దూరం నడవాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారిని నేను తీసుకెళ్ళను. హమారిక్యూ సముద్రపు నీళ్ళు వచ్చిపోయే చెరువున్న మంచి తోట, 300 యెన్లే, కానీ మన ఎర్ర లైనుకు దూరం. రికుగియెన్‌కు మార్చి చివర్లో, ఊడల్లా వేలాడే సకురా చెట్టు పూసినప్పుడు రండి.

ఇక్కడ గడియారం చూసుకోండి. నవంబరు చివర్లో టోక్యోలో సూర్యుడు నాలుగున్నరకే అస్తమిస్తాడు. గ్యోఎన్ కూడా ఆ సమయంలో నాలుగున్నరకే మూస్తారు. తోట మూసేదాకా ఉంటే సూర్యాస్తమయం పోతుంది. మూడుంబావుకు బయటపడండి. అత్తగారితో నడవొద్దు, మూడు స్టేషన్లే కాబట్టి నిషి షింజుకులో దిగి పది నిమిషాలు నడిస్తే చాలు.

తోచో అంటే టోక్యో మహానగర ప్రభుత్వ కార్యాలయం. వాస్తుశిల్పి తాంగే కెంజో రూపకల్పన, 243 మీటర్లు. రెండు గోపురాలుగా చీలి ఉంటుంది. 45వ అంతస్తులో, 202 మీటర్ల ఎత్తున చూసే గది, పూర్తిగా ఉచితం. కింద సంచి పరీక్ష, లిఫ్టు వరస. సాయంత్రం ఇరవై నిమిషాలు నిలబడాల్సి రావచ్చు. నాలుగింటికల్లా పైనుండాలని నేను పట్టుబట్టేది అందుకే. నేరుగా పశ్చిమపు కిటికీ దగ్గరికి వెళ్ళండి. పగలు మబ్బులో కలిసిపోయిన ఫుజి, సూర్యుడు దిగే ముందు పావుగంటలో నల్లటి ముక్కోణంలా బయటపడుతుంది. వేసవిలో తేమ వల్ల వారాల తరబడి కనపడదు. గాలి పొడిగా ఉండే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అవకాశం బాగా ఎక్కువ. అదే దృశ్యానికి మీ జాబితాలోని టవర్లలో 2,000 యెన్ల పైనే అవుతుంది, పైగా ముందే కొంటే తేదీ ఎంచుకోవాలి, ఆ రోజు మబ్బు పట్టినా డబ్బు తిరిగి రాదు. ఇక్కడ మబ్బు పడితే మర్నాడు పొద్దున విమానానికి ముందు మళ్ళీ రావచ్చు.

దక్షిణ గోపురంలో ఎవరైనా వాయించగలిగే పియానో ఉంది, చిత్రకారిణి కుసమా యయోయి చుక్కలతో అలంకరించింది. అత్తగారు కాసేపు కూర్చుంటే మీరు మిగతా కిటికీలు తిరిగి రండి. చీకటి పడేదాకా ఆగండి, ఊరు దీపాలు వెలిగించుకోవడం చూడాలి. కిందికి దిగాక, వాన లేని రోజైతే, అదే భవనం గోడ మీద కాంతి బొమ్మల ప్రదర్శన ఉంటుంది. 2024 నుంచి నడుస్తోంది, అదీ ఉచితమే. ఎదురు ఆవరణలో కూర్చుని చూడవచ్చు.

లెక్క చెబుతాను. తోటల టికెట్లు మీకు 800, అత్తగారికి 400. రైలు ఒక్కోసారి 180 నుంచి 210 మధ్య, హోటల్ నుంచి రావడం, పోవడం కలుపుకుని వెయ్యి దాకా. ఒనిగిరీలు, పళ్ళు, ఒక వేడి టీ 700 అనుకోండి. మొత్తం 2,500 యెన్లు, ఇప్పటి మారకంలో 1,500 రూపాయల లోపే. రోజంతా నాలుగు సార్లకు మించి మెట్రో ఎక్కేలా ఉంటే 24 గంటల టికెట్ చూడండి. అది కొన్న సమయం నుంచి కాదు, మొదటిసారి గేటు దాటిన సమయం నుంచి లెక్క. మిగిలిన 500తో కొరాకుఎన్ దగ్గరో గ్యోఎన్ దగ్గరో అత్తగారికి కాస్త ఎక్కువసేపు కూర్చునే చోట ఇంకో టీ ఇప్పించండి.

వాన పడితే వరస తిప్పండి: పొద్దున్నే గ్యోఎన్‌లోని అద్దాల గృహంలో వేడి దేశాల మొక్కలు చూడండి, మధ్యాహ్నం వాన తగ్గాక కొరాకుఎన్. తడిసిన రాళ్ళ మీద మాత్రం అత్తగారిని నడిపించొద్దు. బస ఎక్కడో చెబితే, ఎర్ర లైనుకు లిఫ్టు ఉన్న ద్వారం ఏ వైపుందో చూసి రాస్తాను. ఒతెమాచిలో తప్పు ద్వారం ఎక్కితే పొద్దున్నే పది నిమిషాల మెట్లు తప్పవు.